తెడ్డుకు ఆనిన చెవి

మా బావ పోయాడని మొన్న మంగళవారం నేను పాఠం చెబుతుండగా బడికి కబురొచ్చింది. వాకాడు నుంచి సైకిలు తొక్కుకుంటూ సముద్రం ఒడ్డునున్న మా పల్లెకు చేరాను. అక్క నన్ను చూసి ఏడవలేదు. "ఆయన తెడ్డు నీకిమ్మని చెప్పినాడు, తీసుకో" అంది. ఆ తెడ్డు సంగతి దాచిపెట్టి ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

వేటలో వల విప్పేముందు బావ తెడ్డును నీళ్లలో నిలువునా ముంచి, పిడికి కుడిచెవి ఆనించేవాడు. ఎడమచెవి పుట్టుమందం. చేపల మంద ఎటుందో చెప్పేవాడు. దూరంగా పోయే తిమింగలాల కూతలూ ఆయనకు వినపడేవి. "అవి ఊరికే అరవవబ్బయా. ఒకటి అంటాది, ఇంకోటి ఆగి విని బదులు చెప్తాది. మన పల్లెలో ఆ పద్ధతి యాడుండాది?" అని వెక్కిరించేవాడు. ఏ కూతకు ఏమర్థమో పట్టుకోవాలని ఆయన తపన. విన్నది ఇంటికొచ్చి కూసి చూపిస్తే, అక్క పొయ్యి దగ్గరినుంచే "అన్నానికి రమ్మంటా ఉండాదేమో" అనేది.

పదేళ్ల కిందట, తుఫాను వెలిసిన పొద్దున, ఒక తిమింగలం పిల్ల ఇసుకమేట మీద చిక్కుకుంది. ప్రాణంతోనే ఉంది. పడవలకు పూసే నూనె వస్తుందని ఊరంతా గొడ్డళ్లతో ఉరికింది. మొదటి వేటు నాదే. మోకాళ్లదాకా నెత్తురు. వేటు పడినప్పుడల్లా అది కూసేది, ఆ కూత గొడ్డలి కామలోంచి నా చేతుల్లోకి వణుకుతూ ఎక్కేది. అయినా నరికాను. ఊపులో ఉన్నాను, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకప్పుడు బాగుంది కూడా.

రొమ్ములోతు నీళ్లలో తెడ్డుకు చెవి ఆనించి నిలబడ్డ బావ కేకలేస్తూ వచ్చాడు. "కొట్టబాకండ్రా! తల్లి అవతలే ఉండాది. ఇది అరిచినప్పుడల్లా బదులిస్తా ఉండాది. పోటు వచ్చేదాకా ఆగండి, లోపలికి నెట్టేద్దాం!"

నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని గొడ్డలి కామతో కొట్టాను. కుడిచెవి మీద తగిలింది. మధ్యాహ్నానికి పిల్ల చచ్చింది. బావ చెవీ పోయింది.

బావ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గాయం మానాక నన్ను తెప్ప ఎక్కించుకుని, తెడ్డు నా చేతికిచ్చి, "నువ్వు విని చెప్పు" అన్నాడు. ఏటా సెలవుల్లో అదే వరస. నాకు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదు. ఒకసారి ఆయన మొహం చూడలేక "వినపడింది బావా" అన్నాను.

"ఎట్టుండాది? కూసి చూపించు" అంటూ ఎడమచెవి నా నోటి దగ్గర పెట్టాడు.

నాకు తెలిసిన కూత ఒక్కటే. గట్టిగా అదే కూశాను.

ఆయన తెడ్డు నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇది ఆ పిల్లది" అన్నాడు. తెప్ప ఒడ్డుకు తిప్పాడు. దిగేటప్పుడు మాత్రం, "అబద్ధం చెప్పబాక. వినపడకపోతే వినపడలా అను. వింటా మాత్రం ఉండు" అన్నాడు.

మొన్న బావను మట్టి చేసి వచ్చాక తెడ్డు తీసుకుని నీళ్లలోకి దిగాను. పిడి మీద ఆయన చెవి ఆనినచోట కొయ్య అరిగి నునుపెక్కింది. నా చెవి అక్కడ పెట్టాను.

"వినపడలా, బావా" అన్నాను పైకే.

చెవి మాత్రం తియ్యలేదు.