మడత దగ్గర వెలిసిన చీర

రెండు వారాల కిందట ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాడు అంత పొద్దున్న ఎప్పుడూ చెయ్యడు. మోగుతుండగానే నాకు సగం తెలిసిపోయింది. "బాబాయ్, అమ్మ పోయింది" అన్నాడు. మళ్లీ తనే, "కాఫీ పెట్టమని అడిగింది. తెచ్చేలోపే" అన్నాడు.

రాజమండ్రి నుంచి మా ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. బజారు మలుపులో ఆటో దిగిన నాకు ముందుగా ఎదురైంది ఒక ఫ్లెక్సీ. మా వదిన ఫొటో, చుట్టూ తామరపూలు, కింద 'హరికథా కోకిల' అని పెద్ద అక్షరాలు. ఇంత తొందరగా ఎలా వేయించారో తెలియదు. చావుల విషయంలో మా ఊరు ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు. ఆవిడది కోకిల గొంతు కాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. అందరికంటే ముందు ఆవిడకి తెలుసు. ఫ్లెక్సీ అడుగున వరసగా అచ్చయిన ముఖాల్లో ఒక పెద్దమనిషి ముఖం చూసి ఆగిపోయాను. నవరాత్రి ఉత్సవాల కమిటీకి చాలాకాలం కార్యదర్శిగా ఉన్నాయన. ఆయన సంగతి ఇక్కడ రాస్తాను. పేరు రాయను. ఆయనకి చదివే అలవాటు లేదు గానీ, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.

వదిన మా ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి నేను నిక్కర్లేసుకుని బడికెళ్తున్నాను. మాది బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో అమ్ముడుపోక మూలబడ్డ చీరలే మా ఇంటి ఆడవాళ్లు కట్టుకునేవారు. బట్టల కొట్లున్న ఇళ్లలో అంతే, మంచివి బేరానికి, మిగిలినవి ఇంటికి. మధ్యాహ్నం మగవాళ్లు భోజనానికి లేచినప్పుడు వదిన కొట్లో కూర్చునేది. కొనకుండా వెళ్లినవాళ్లు లాగి పడేసిన చీరలు మళ్లీ మడత పెట్టడం ఆవిడ పని. మడతలు పెడుతూ కథ చెప్పేది. పుట్టింట్లో వాళ్ల నాన్నగారి పక్కన కూర్చుని విన్న హరికథలన్నీ ఆవిడకి నోటికొచ్చు. రాక్షసుడు వస్తే బట్ట కొలిచే గజంబద్ద గదయ్యేది. దేవత వస్తే అదే వీణయ్యేది. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడితే మళ్లీ గజంబద్ద అయిపోయేది.

"ఎప్పటికైనా గజ్జె కట్టి నిలబడి చెప్పాలని ఉంది అబ్బాయ్" అంది ఒకసారి. అనేసి తనే భయపడి, ఎవరితోనూ అనొద్దని నా చేతిలో మరమరాల ఉండ పెట్టింది. ఆ ఉండకి కట్టుబడి నేను ముప్పై ఏళ్లు నోరు మెదపలేదు.

హరికథ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. నాటకంలో ఒకడు తడబడితే పక్కవాడు అందుకుంటాడు. హరికథలో పక్కవాడు ఉండడు. వెనక వయొలినూ మృదంగమూ ఉన్నా, పాట, పద్యం, అడుగు, హాస్యం అన్నీ నిలబడ్డ మనిషివే. జనం కునికిపాట్లు పడితే మధ్యలో చిన్న పిట్టకథ చెప్పి లేపాల్సిందీ ఆ మనిషే. దాక్కునేందుకు చోటులేని కళ అది. కొట్టు గుమ్మం దాటి బజార్లో కాలు పెట్టాలంటేనే కొంగు సర్దుకునే మనిషికి అదే ఎందుకు కావాల్సి వచ్చిందో, చదివిన ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

పిల్లల పెళ్లిళ్లయ్యాక, యాభై ఏళ్ల వయసులో మొదలుపెట్టింది. గోదావరికి అవతల, కోనసీమలో, హరికథ నేర్పే ఒక వృద్ధ భాగవతారిణి ఉండేవారు. నేనప్పుడు నరసాపురం కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం. నేను కాలేజీ దగ్గర దిగిపోతే ఆవిడ రేవుకి వెళ్లి పంటు మీద అవతలికి దాటేది. మొదటి రోజు నేనూ వెళ్లాను. ఆ పెద్దావిడ ఒక పద్యం పాడించుకుని విని, "గొంతులో గరుకుంది. కాలు బరువు. ఒళ్లంతా భయం. సరే, ఎల్లుండి రండమ్మా" అన్నారు.

ఇంట్లో మాత్రం మోకాళ్ల నొప్పులకి నరసాపురంలో డాక్టరుకి చూపించుకుంటున్నానని చెప్పింది. పొద్దున్న చక్కగా నడిచివెళ్లిన మనిషి సాయంత్రం గెంతులేసి కుంటుతూ ఇంటికొచ్చేది. పాపం మా అన్నయ్యకి అనుమానమొచ్చింది. "ఏమే, ఆ డాక్టరు మందు పనిచేస్తోందా, లేదా?" అని అడిగాడు. "ఇప్పుడిప్పుడే పట్టు దొరుకుతోందండి, మధ్యలో మానకూడదన్నారు" అంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

కోనసీమ పల్లెల్లో ఒకటి రెండు చోట్ల గురువుగారు ఆవిడ చేత కథ చెప్పించాక సంగతి బయటపడింది. అన్నయ్య కేకలెయ్యలేదు. కేకలేస్తే బావుండేది. "ఎక్కడైనా చెప్పుకో. ఈ బజార్లో మాత్రం వద్దు. నేనీ గల్లాపెట్టె దగ్గర తలెత్తుకు కూర్చోవాలి" అన్నాడు. ఆవిడకి కావాల్సింది ఆ బజారే. అవతలి ఒడ్డున ఎవరూ ఎరగరు కాబట్టి ధైర్యం వచ్చింది. ఎరిగినవాళ్ల ముందు చెప్పగలిగితేనే చెప్పినట్టు అని ఆవిడ లెక్క.

నవరాత్రుల్లో ఒక సాయంత్రం ఇమ్మని కమిటీని అడిగింది. ఫ్లెక్సీలో ఉన్న పెద్దమనిషి నలుగురిలో నవ్వుతూ, ముదిరిన బెండకాయ కూరకి పనికిరాదు కదమ్మా అన్నాడు. "విత్తనానికి ముదిరిన కాయనే ఉంచుతారు కదండీ" అంది వదిన. నలుగురూ ఈసారి ఆయన్ని చూసి నవ్వారు. కానీ ఇంటికొచ్చాక ఆవిడ నూతి గట్టు మీద కూర్చుండిపోయింది. "ఆయనన్నది నిజమేనేమో అబ్బాయ్. జవాబైతే చెప్పాను గానీ, నాకూ లోపల అదే అనిపిస్తూ ఉంటుంది" అంది. ఎదటివాడి నోట్లో మాట కంటే మన లోపల కూర్చుని దానికి వంతపాడే గొంతు ప్రమాదమని ఆ రోజు అర్థమైంది.

మరుసటేడు నవరాత్రులకి తుఫాను పట్టింది. గోదావరి మీద పంట్లు ఆపేశారు. ఆ సాయంత్రానికి పిలిచిన హరిదాసు అవతలి ఒడ్డునే ఉండిపోయాడు. పందిరిలో జనం కూర్చున్నారు, వేదిక ఖాళీ. కార్యదర్శి గొడుగేసుకుని మా కొట్టుకొచ్చి, ఎన్నడూ లేని వినయంతో, "అమ్మగారూ, మీరే గట్టెక్కించాలండి" అన్నాడు. వదిన అన్నయ్య వంక చూసింది. అన్నయ్య అలమార వైపు తిరిగి, సర్దే ఉన్న తానులు మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు. "వస్తానండి" అంది వదిన. లోపలికెళ్లి వాంతి చేసుకుంది.

నేను మంచినీళ్లిచ్చి, రాలేనని కబురు చెప్పి రానా అన్నాను.

"వద్దు. భయం పోయాక మొదలెడదామని ముప్పై ఏళ్లు చూశాను అబ్బాయ్. అది పోయేది కాదు. దాన్నీ తీసుకెళ్దాం, వేదిక మీద చోటుంటుంది" అంది.

పందిరి మా కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. ప్రార్థన బాగానే సాగింది. మొదటి ఘట్టమూ సాగింది. తర్వాత ఆవిడ తలెత్తి చూసేసరికి ఎదురుగా కొట్టు, వెలుగుతున్న దీపాలు, గల్లాపెట్టె దగ్గర అన్నయ్య. అందుకోవాల్సిన పద్యం గొంతులోనే ఆగిపోయింది. వయొలినాయన ఎత్తుగడ ఇచ్చాడు. మళ్లీ ఇచ్చాడు. మృదంగం ఆయన తాళం ఆగకుండా వాయిస్తూనే ఉన్నాడు. ఆవిడ నోరు తెరిచి నిలబడిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి గుసగుస. కార్యదర్శి వేదికెక్కి మైకు దగ్గరికొచ్చి, అమ్మగారికి ఒంట్లో బాగున్నట్టు లేదు, హారతి ఇచ్చేసుకుందామన్నాడు. ఆ గొంతులో జాలి లేదు. ఏడాది కిందటి బెండకాయ ఉంది.

"ఒక్క పిట్టకథ చెప్పుకుని ఇచ్చుకుందామండి" అంది వదిన. ఆయన తప్పుకోక తప్పలేదు.

"మా కొట్టుకి ఒకావిడ వచ్చేదండి. వచ్చినప్పుడల్లా పై అరలో వంకాయ రంగు చీర తీయించేది. ఒళ్లో పెట్టుకుని, 'ఇంత రంగు నాకు నప్పుతుందంటారా' అనేది. నప్పుతుందమ్మా అనేవాళ్లం. 'పిల్ల పెళ్లయ్యాక తీసుకుంటాలెండి' అని లేచిపోయేది. పెళ్లయింది. 'పురుడు కానివ్వండి' అంది. అదీ అయింది. ఆఖరికొక రోజొచ్చి, ఇచ్చెయ్యండి అంది. విప్పి చూపించాం. ఎన్నేళ్లు అరలో ఉందో ఏమో, మడత పొడుగునా గీసినట్టు వెలిసిపోయింది. వేరేది చూపిస్తామమ్మా అన్నాం. ఆవిడ ఒప్పుకోలేదండి."

అంతవరకూ చెప్పి, పమిట కొంగు రెండు చేతులా పట్టి, విప్పి, దీపాల వెలుగులోకి చాపింది. వంకాయ రంగు కొంగు. మధ్యలో తెల్లటి గీత.

"వెలిసిందని తెలిసే కట్టుకొచ్చానండి. గొంతూ అంతే. కాస్త సర్దుకోండి."

అలాంటి బేరం మా కొట్టుకి ఎప్పుడూ రాలేదు. ఆ కథ ఆవిడ అక్కడికక్కడే అల్లింది. ముందు నవ్విందెవరో తెలియదు గానీ, తర్వాత పందిరంతా నవ్వింది. ఆ నవ్వులోంచే పద్యం అందుకుంది. వాన పెరిగి టార్పాలిన్ల మీంచి నీళ్లు వేదిక మీదికి కారుతున్నా జనం కదల్లేదు. నేను కొట్టు వైపు చూశాను. గల్లాపెట్టె దగ్గర ఎవరూ లేరు. తలవంపులనుకుని లోపలికి పోయాడనుకున్నాను.

అది గొప్ప హరికథ అని నేననను. శ్రుతి రెండు మూడు చోట్ల జారింది. గొప్ప కథలు విన్నాను, గొప్ప విమర్శలు చదివాను, తేడా నాకు తెలుసు. అందుకే ఆ ఫ్లెక్సీ మీద నాకంత కోపం. కోకిలకి భయం ఉండదు. పుట్టుకతో వచ్చిన గొంతుతో కూస్తుంది. మా వదినని కోకిల అన్నవాడు ఆవిడ పడ్డ పాటంతా ఒక్క మాటతో కొట్టేశాడు. బతికుండగా బెండకాయ, పోయాక కోకిల. మనిషిని మనిషిగా చూడటం ఈ సన్మాన సంఘాలకి ఎప్పటికి వస్తుందో.

ఆ తర్వాత మొగల్తూరు వైపు పల్లెల్లో ఎన్నో పందిళ్లలో చెప్పింది. ప్రతిసారీ వాము నములుతూ వేదికెక్కేది. ఇన్నేళ్లయినా ఇంకా భయమేమిటి వదినా అంటే, అది కూడా కథ వినడానికే వస్తోందేమోలే అనేది. నన్నూ వదిలేది కాదు. "ఇన్ని పుస్తకాలు చదివావు, ఒక్క ముక్క రాయవు. కడుపులోనే ఉంచుకుంటే అజీర్తి చేస్తుంది అబ్బాయ్" అనేది. రాస్తే ఎవరేమంటారోనని డెబ్బై ఏళ్లు దాటేదాకా భయపడ్డవాణ్ణి. పన్నెండో రోజు సంతాప సభలో ఆ కార్యదర్శి పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడమన్నారు. మాట్లాడకుండా వచ్చేసి ఇది రాస్తున్నాను. ఇందులో మంచి వాక్యం ఏదైనా ఉంటే అది ఆవిడ పెట్టిన పోరు వల్ల వచ్చిందే.

మొదలుపెట్టినప్పుడు చివర్లో మా అన్నయ్య లెక్క కూడా తేల్చేద్దామనుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బతికినన్నాళ్లూ భార్య కథకి ముందు వరసలో కూర్చోలేదు, బాగుందని ఒక్కనాడు అనలేదు. రాయడానికి చాలా ఉంది. కానీ ఆ తుఫాను మర్నాటి పొద్దున అడ్డం వస్తోంది.

వాన వెలిసింది. వదిన లోపల ఒళ్లెరక్క నిద్రపోతోంది. నేను కొట్లోకి వెళ్లేసరికి తలుపులు ఇంకా తియ్యలేదు. ఒక రెక్క సందులోంచి పడే వెలుగులో అన్నయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి తడిసి కుట్లూడిన గజ్జెల పట్టీ ఒళ్లో ఉంది. కొత్త తానులోంచి చింపిన దళసరి గుడ్డ పక్కనుంది. నన్ను చూసి సూది నా చేతికిచ్చి, "దారం ఎక్కించు, నాకు కనపడట్లేదు" అన్నాడు. ఎక్కించి ఇచ్చాను. ఒక్కో మువ్వా కొత్త గుడ్డకి కుట్టి, ఆఖరి దారం పంటితో తెంపి, మోగుతుందో లేదో చూద్దామని పట్టీని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఆడించాడు. ఆ వెంటనే, లోపల పడుకున్న మనిషి లేస్తుందేమోనని, మువ్వలన్నిటినీ రెండో అరచేత్తో మూసేశాడు.