కాలువ గట్టు మీద సగ్డెన్

ఈనక్ సగ్డెన్ మా యార్క్‌షైర్ కొండల్లో ఉన్ని మిల్లు కార్మికుడు. మొదటి యుద్ధం రాగానే మా జిల్లా రెజిమెంటులో చేరబోతే, ఎత్తు కొలిచే సార్జెంటు పగలబడి నవ్వాడట.

"ఏమయ్యా, తుపాకీని నువ్వు మోస్తావా, నిన్ను తుపాకీ మోస్తుందా?"

"ముందు ఇచ్చి చూడండి, తర్వాత నవ్వుదురుగాని."

ఇవ్వలేదు. మరుసటి ఏడు పొట్టివాళ్ళ కోసమే ఒక దళం కడితే వరసలో ముందు నిలబడ్డాడు. ఫ్రాన్సు బురదలో ఆ దళం సగానికి సగం తరిగిపోయింది. గాయపడినవాళ్ళను వీపున మోసి మోసి, ఈనక్ సార్జెంటై పతకంతో తిరిగొచ్చాడు. మిగిలినవాళ్ళు మిల్లులకు పోయారు. ఆయన మాత్రం రెజిమెంటును వదల్లేదు.

రెండో యుద్ధంలో నేను ఆయన చేతికింద సిపాయిని. అప్పటికి ఆయన సార్జెంట్ మేజర్, తల నెరిసింది. ఫ్రాన్సులో మా సైన్యమంతా సముద్రం వైపు వెనక్కి తగ్గుతోంది. మా వెనక రోడ్డు మీద లారీలన్నీ వెళ్ళిపోయేదాకా శత్రువును కాలువ దాటనివ్వకూడదని మా కంపెనీకి ఆజ్ఞ. మధ్యాహ్నానికే కెప్టెన్ చనిపోయాడు. గుండ్ల వానకు కుర్రాళ్ళం గట్టు చాటున ముడుచుకుపోయాం.

ఈనక్ గట్టు వెంట నిటారుగా నడుచుకుంటూ వచ్చాడు. "ఒరేయ్ అబ్బాయిలూ, నేను నిలబడ్డా జర్మనోడికి నా టోపీ కూడా కనబడట్లేదు. మీకేమొచ్చిందిరా, కప్పల్లా కూర్చున్నారు? లేచి కాల్చండి!"

అంత భయంలోనూ నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి తుపాకులు గురిపెట్టాం. పడవలేసుకుని వచ్చిన ప్రతిసారీ వాళ్ళను తిప్పికొట్టాం. సాయంత్రానికి ఆఖరి లారీ వెళ్ళిపోయింది. మేం వరసకట్టి, అడుగు తప్పకుండా సముద్రతీరం చేరాం.

అక్కడో ఆఫీసరు తెల్లబోయాడు. "ఎవరయ్యా మీరు, కవాతుకొచ్చినట్టు నడుస్తున్నారు?"

"ఓడ ఎక్కడో చూపించండి సార్. మేం మళ్ళీ రావాలి," అన్నాడు ఈనక్.

అన్నట్టే నాలుగేళ్ళకు మళ్ళీ వెళ్ళాం. ఈసారి రైన్ నది దాటేదాకా ఆగలేదు.

గెలిచి వచ్చాక ఊళ్ళో డప్పులతో ఊరేగింపు జరిగింది. ముందు ఈనక్, వెనక మేము. కుడిపక్క జనంలోంచి ఆయన భార్య ఎల్సీ గొంతు ఖంగున మోగింది: "ఇదిగో, మోకాలు జాగ్రత్త! రాత్రంతా నేనే కాపడం పెట్టాలి!"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. ఈనక్ తల తిప్పలేదు. గుండెల నిండా గాలి పీల్చి, "కంపెనీ, కుడివైపు చూడు!" అని అరిచాడు.

సేనాపతులకిచ్చే ఆ వందనాన్ని కంపెనీ కంపెనీ అంతా ఎల్సీకి ఇచ్చింది.