మంచు మీద ఎనిమిది

చాలా ఏళ్ల కిందట ఒకరోజు మధ్యాహ్నం మూడూ నలభైకి ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సుకు టైరు మారుస్తున్నారు. పక్కన నిలబడిన నడివయసు ఆమె చెప్పు విడిచి, మడమతో దుమ్ములో ఎనిమిది అంకె గీసింది. అదే గీత మీద మరో రెండుసార్లు కాలు తిప్పింది. గీత ఒక్కటే కనిపించింది.

"ఏమమ్మా ఇది?" అన్నాను.

"మా నాయన ఉత్తరాది కొండల్లో దొరకు వంట చేసేటోడన్నా. ఆడ మంచు మీద స్కేటింగ్ పోటీల్లో ఇట్లే గీస్తాంటి. మూడుసార్లు తిప్పినా గీత ఒక్కటే పడాల, అది చూసి మార్కులేస్తారు."

"గెలిచినావా?"

"దొర బిడ్డ గీత మూడుగా చీలె. నాది ఒక్కటే. మార్కులేసే దొరలు టీ తాగి వచ్చేతలికి ఎండకు రెండూ కరిగిపాయె. కప్పు ఆ పాపకే ఇచ్చిరి. మళ్లా నన్ను మంచు తొక్కనీలేదు."

బస్సు సిద్ధమైంది. ఆమె గీతను తప్పించుకుని ఎక్కింది. వెనక నేను తొందరలో దాన్ని తొక్కే ఎక్కాను.

ఇప్పుడు స్కేటింగ్ పోటీల్లో ఆ ఎనిమిది గీయించడం లేదు.