కొనపండు పెద్దమ్మ

“ఈ ద్రాక్ష మీ ఇంట్లో పిల్లలకు పెట్టావా?” అని పండ్ల దుకాణం ఆవిడ ఓసారి పెద్దమ్మను మొహం మీదే అడిగింది. పెట్టలేదు. పుల్లగా ఉన్నాయని తెలిసే అమ్మింది. ఆ అవమానంతో పట్టుకున్న అలవాటే తర్వాత ఆమెకు పేరైంది: కొనపండు పెద్దమ్మ. గుత్తి పైన ఉన్న పండు ఎండ తగిలి ముందే తీపెక్కుతుంది. కొనన వేలాడేది అన్నిటికన్నా ఆఖరు. పెద్దమ్మ ఆ ఆఖరిదే నోట్లో వేసుకునేది. అది తియ్యగా ఉంటేనే కత్తెర బయటికి వచ్చేది.

రైతు ఓర్పు గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒకసారి పెద్దమ్మ ద్రాక్షతోట చూడాలి. అది అందరికన్నా మూడు వారాలు ముందు పండే రకం. తొలి వారం ధర రెట్టింపు. ఆ పాడు రకం ముందు రంగు తేలుతుంది, తర్వాతెప్పుడో తీపెక్కుతుంది. రంగు కనబడితే చాలు, తోటలో సగం వాటా ఉన్న మరిదికి కాళ్ళు నేల మీద నిలవవు.

ఆ ఏడు పంటంతా తనే కొంటానని దుకాణం ఆవిడ మాటిచ్చింది, తియ్యగా ఉంటేనే. ఇంకా ఎనిమిది రోజులు ఆగాలని చెప్పి, పెద్దమ్మ పన్ను పీకించుకోవడానికి పట్నం వెళ్ళింది. సాయంత్రం బుగ్గలో దూదితో తిరిగొచ్చేసరికి పందిళ్ళు బోడిగా ఉన్నాయి. షెడ్డులో పెట్టెలు, ఒక పెట్టె మీద కాలు పెట్టి, మరిది పిలిపించిన వ్యాపారి.

“తిని చూశా వదినా, తేనే!” అన్నాడు మరిది.

“ఎక్కడి పండు తిన్నావ్?”

“పైది.”

ఆమె కొనపండు తెంపి రెండో దవడతో కొరికింది. మరిది చెప్పుల పక్కనే ఉమ్మింది.

“పెట్టెలో మగ్గుతాయిలే పెద్దమ్మా,” అన్నాడు వ్యాపారి.

“అరటి గెలనుకున్నావుట్రా? కోసిన ద్రాక్ష కుళ్ళుతుంది గాని పండదు. నీ బుద్ధిలాగే.”

“పంటి నొప్పి మా మీద చూపిస్తోంది,” అని నవ్వాడు మరిది.

ఆ పెట్టెలు తిరిగి తిరిగి దుకాణం ఆవిడ ముందుకే వచ్చాయి. ఆవిడ ఒకటి కొరికి మూత వేసేసింది. వచ్చే ఏడు కూడా వద్దని కబురు పంపింది.

“సొంతవాడే కదా, సర్దుకో,” అని చుట్టాలు నీతులు చెప్పారు. పరాయివాడైతే పెద్దమ్మ గేటు దగ్గరే ఆపేది. మరిది ఎదురుగా కూర్చుంటే ఆమెకు ముద్ద దిగడం మానేసింది. కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది.

వ్యాపారి నూట పది పెట్టెల డబ్బు ఇంకా ఇవ్వాలి.