నర్సమ్మ బర్రె, జయపాల్ ప్రార్థన

మొగుళ్లపల్లిలో మోటర్ వైండింగ్ షాపు జయపాల్ ప్రార్థనకు కూర్చుంటే వంటకు తొందరపడే పని లేదని ఆడవాళ్లు అనుకునేవారు. పొయ్యి మీద పప్పు ఉడికి, చల్లారి, మళ్లీ వేడి చేసుకునేదాకా ఆయన నోట ఆమెన్ అనే మాట వచ్చేది కాదు. మనిషి మంచివాడు. పొలం ఎండుతోందని కాలిపోయిన మోటరు మోసుకొచ్చిన రైతును రేపు రమ్మని ఎన్నడూ అనలేదు. చర్చిలో సంఘం పెద్ద. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా, పిలిచినా పిలవకపోయినా వెళ్లి మోకాళ్లూనేవాడు. గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు.

నిరుడు వానాకాలంలో వాళ్ల వీధి చివర ఉండే నర్సమ్మ కొట్టంలో పెండ మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఒంటరి మనిషి. ఒక్కగానొక్క కూతురు మంజుల మహబూబాబాద్‌లో అత్తగారింట్లో నిండు చూలాలు. భూపాలపల్లి దవాఖానలో పట్టీ వేసి, విప్పేదాకా పాదం నేల మీద మోపొద్దని చెప్పి పంపారు.

సంగతి తెలిసిన సాయంత్రమే జయపాల్ వెళ్లాడు. నర్సమ్మ క్రైస్తవురాలు కాదు, ఏటా కొమురెల్లి మల్లన్నకు బోనం చేసే మనిషి. అయినా మంచి కోరి వచ్చినవాణ్ని కాదనే గుణం కాదు ఆమెది. "చెయ్యి కొడుకా, చెయ్యి" అంది.

ఆయన కళ్లు మూసుకుని అందుకున్నాడు. కొట్టంలో బర్రె అరిచింది. ఆయన గొంతు పెంచాడు. అదీ పెంచింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా బర్రె అందుకోసాగింది. చివరికి నర్సమ్మ మంచం పట్టె మీద దబదబా కొట్టింది.

"ఓ జయపాలూ! నీ దేవునికి నీ మాట ఎప్పుడో ఇనవడ్డది. గా బర్రె మాట నీకు ఇనవడ్తలేదా? పొద్దుగాల సంది పాలు పిండినోళ్లు లేరు, పొదుగు రాయి లెక్కయింది. ముందుగాల దాని సంగతి సూడు. మిగిలింది అటెన్క జేద్దువు."

జయపాల్ చిన్నప్పుడు రోజూ పాలు పిండినవాడే. ఆ ధైర్యంతో చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళ్లాడు. మరుక్షణం చెంబు గోడకు తగిలిన చప్పుడైంది. ఆ వెంటనే జయపాల్ గడ్డిలో పడిన చప్పుడైంది.

"తన్నిందా?" అని లోపలి నుంచి నర్సమ్మ అడిగింది. "అది నన్ను తప్ప ఎవ్వల్ని ముట్టనియ్యది. దండెం మీద నా చీరుంది, కట్టుకొని పో. వాసనవట్టి నేననుకుంటది."

"చీరనా? నేనా?"

"మరి బర్రెకు కట్టాల్నా?"

జయపాల్ గడ్డి దులుపుకుని విసవిసా ఇంటికి పోయాడు. భార్య వనజ నర్సమ్మ కోసం గిన్నెలో అన్నం సర్దుతోంది.

"మీసాలున్న మనిషిని, సంఘం పెద్దను. నన్ను వట్టుకొని చీర కట్టుకొమ్మంటది!"

వనజ తలెత్తలేదు. "ప్రభువు నడుముకు తువ్వాల సుట్టుకొని శిష్యుల కాళ్లు కడిగిండని మొన్న ఆదివారం గంట సేపు జెప్పినవ్ గద. తువ్వాలకు చీరకు ఎంత ఫరక్?"

"గది ఏరు, గిది ఏరు."

"అవు, చీర జర పొడుగుంటది. అవ్వకు తానం, బువ్వ నేను జూసుకుంట. బర్రెలంటే నాకు భయం. అది నీ పని. నడువ్."

కుచ్చిళ్లు వనజే పెట్టింది. పచ్చ చీర, తల మీద కొంగు, కింద కాళ్లకు ప్యాంటు. బర్రె ఆయన్ను వాసన చూసింది. అనుమానంగా చెవులు ఆడించింది. జయపాల్ అలవాటు కొద్దీ "ప్రభువా" అన్నాడు. బర్రె ఎగిరి పక్కకు దూకింది.

"నోరు ముయ్యి!" అని నర్సమ్మ కేక వేసింది. "నా గొంతు గట్లుంటదా?"

ఇక ఆయన నోరు మెదపలేదు. బర్రె పొట్టకు నుదురు ఆనించి, లోలోపలే అడిగాడు: ఈ జీవి బాధ తీరనియ్యి, ఈ ముసలామె దిగులు తీరనియ్యి. అంతే. అంతకన్నా అడగడానికి ఏమీ తోచలేదు. కాసేపటికి బర్రె పాలు చేపింది. చెంబులో పాల ధారలు చుయ్ చుయ్‌మంటుంటే ఆయనకు ఎందుకో కళ్లు చెమర్చాయి.

రోజులు గడిచాయి. రెండు పూటలా చీర కట్టడం, పిండడం, పెండ తీయడం ఆయనకు అలవాటైంది. ఎవరి కంటా పడకుండా తడిక అడ్డం పెట్టుకునేవాడు.

అంతలో పాస్టరు అజిత్, సంఘం ఆడవాళ్లు కొందరు నర్సమ్మను చూడటానికి వచ్చారు. అజిత్ ఊరికి కొత్త, కుర్రవాడు, ఉత్సాహం ఎక్కువ. ఆ రోజు గాలికి తడిక పడిపోయి ఉంది. కొట్టంలో గొంతుకూర్చుని పాలు పిండుతున్న పచ్చ చీర ఆయన కంటపడింది. అజిత్ చేతిలోని పండ్ల సంచి జారిపోయింది.

"స్తోత్రం! అవ్వ లేచి కూసున్నది! దేవుడు కాలు బాగు జేసిండు!"

ఆడవాళ్లు చప్పట్లు చరిచి పాటెత్తుకున్నారు. ఒకామె అప్పుడే సాక్ష్యం చెప్పడం కూడా మొదలుపెట్టింది. ఇంతలో ఇంట్లోంచి నర్సమ్మ గొంతు వినిపించింది.

"ఎవల్దా లొల్లి? నేనీడ మంచంల పడి ఉంటే కొట్టంల స్తోత్రాలేంది?"

పాట ఆగిపోయింది. పచ్చ చీర మెల్లగా ఇటు తిరిగింది. కొంగు కింద మీసాలు.

మొదట నవ్వింది, అన్నం గిన్నెతో అప్పుడే వచ్చిన వనజ. ఆ తర్వాత ఎవరూ ఆగలేకపోయారు. అజిత్ మాత్రం నవ్వి నవ్వి, నవ్వు ఆగాక చాలాసేపు జయపాల్ చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు. మర్నాటి నుంచి గడ్డి కోసుకొచ్చే పని తనదన్నాడు. తొలిరోజే కొడవలితో వేలు కోసుకుంటే, ఆ వేలికి నర్సమ్మే పసుపు పెట్టింది.

చాయ్ హోటలు రవీందర్ ఈ కథను బస్సు దిగినవాళ్లందరికీ చెప్పాడు. కొన్నాళ్లు షాపుకొచ్చిన రైతులు "అక్కా, మోటర్ అయ్యిందా?" అని అడిగేవారు. జయపాల్‌కు కోపం వచ్చేది, పోయేది. ఒకనాడు దుర్గయ్య అనే రైతు వచ్చి నవ్వకుండా నిలబడ్డాడు. భార్యకు ఆపరేషన్ అయిందని, ఇంట్లో రెండు పాడి బర్రెలున్నాయని, అవి తనను దగ్గరికి రానివ్వడం లేదని చెప్పుకున్నాడు. జయపాల్ షట్టర్ దించి ఆయన వెంట నడిచాడు.

పట్టీ విప్పి నర్సమ్మ కర్ర పట్టుకుని నడిచేనాటికి మంజుల కొడుకును ఎత్తుకుని వచ్చింది. పిల్లవాణ్ని తొట్లెలో వేసే రోజు మేనమామ ఉండాలి. మంజులకు అన్నదమ్ములు లేరు. "మామ లేకపోవుడేంది, మన వీధిలనే ఉన్నడు గద, పిలువుండ్రి" అంది నర్సమ్మ.

జయపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి పిల్లవాణ్ని జాగ్రత్తగా చేతుల్లోకి తీసుకున్నాడు. వాడు రెండు పిడికిళ్లతో ఆయన మీసాలు దొరకబుచ్చుకున్నాడు. అందరూ విడిపించబోతే జయపాల్ వద్దని తల ఊపబోయి, ఊపలేక, వాడు వదిలేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.