చీర మీద ట్రెక్కింగ్ చెప్పులు

శంషాబాద్‌లో ఒకామె బస్సెక్కి నా పక్కన కూర్చుంది. విమానాశ్రయం తోటల్లో మొక్కలకు నీళ్లు పెట్టే పనట. నేతచీర కింద పట్టీలున్న ట్రెక్కింగ్ చెప్పులు వేసుకుంది.

వానకు తడిసిన నా బూట్లు కంపు కొడుతున్నాయి. ముందు సీటాయన ముక్కు మూసుకున్నాడు. సిగ్గుతో కాళ్లు సీటు కిందికి లాక్కున్నాను.

“గా బూట్లల్ల గాలి ఆడదు తమ్మీ,” అందామె. “నేను దినమంతా తడిల్నే ఉంట. పొద్దుమీకి పని దిగి, కాళ్లు జర ఉబ్బినంక దుకాణంకు పోయి, నడిచి చూసి ఇవి కొన్న; గప్పుడే సరైన కొలత తెలుస్తది. ఇంటికి పోంగనే సబ్బుతోని కడిగి నీడకు ఆరేస్త. వేళ్ల సందులు పొడిగ తుడుచుకుంట.”

ఒక చెప్పు విప్పి నా చేతికిచ్చింది. “చూడు, వాసనొస్తుందా?”

మొహమాటపడుతూనే చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

“చీర మీద గివేం చెప్పులని నాతోటోళ్లు నవ్విన్రు. ఇప్పుడు అందరు గివే తొడుగుతున్రు!” అని బస్సంతా వినేలా చెప్పి, తర్వాతి స్టాపులో దిగిపోయింది. నేను ఆమె పేరైనా అడగలేదు.

ఇప్పుడు నేనూ అలాంటి చెప్పులే వేసుకుని కొండలెక్కి వచ్చాక, మిత్రులందరూ ఉన్న గదిలోనే ధీమాగా చెప్పులు విప్పుతాను. ఈ కిటుకులు ఎవరు నేర్పారని అడిగితే, “మా అక్క” అంటాను.