కేదారానికి ఒక్కటి తక్కువ

లక్సెట్టిపేట నేతవాడలో లక్ష్మీరాజం ఏ పనీ చేసేవాడు కాదు, పనికి తయారయ్యేవాడు. బజారుకు పోయి చింతపండు తెమ్మంటే ముందు సంచీ వెతికేవాడు. దొరికిన సంచీకి కుట్లు సరిగా ఉన్నాయో లేదో చూసేవాడు. ఆ తరువాత వాన వస్తుందేమోనని గుమ్మంలో నిలబడి ఆకాశాన్ని పరిశీలించేవాడు. ఈలోగా అతని భార్య గంగుబాయి చింతపండు లేకుండానే పప్పు దించేసేది. అలాంటి మనిషి కేదారనాథ్ యాత్రకు తయారవడం మొదలుపెట్టాడంటే ఆ ఇల్లాలి గతి ఏమై ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు.

నిజానికి ఆ కోరిక అతనిది కాదు, అతని అక్క శంకరవ్వది. పోలీసు యాక్షన్ అయిన మరుసటి వానాకాలంలో ఖానాపూర్‌లో ఆమె భర్తా, ఒక్కగానొక్క కూతురూ కలరాతో పోయారు. ఒక మూటతో తమ్ముడింటికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. పెడితే రెండు ముద్దలు తినేది, పలకరిస్తే తల ఊపేది. నోరు తెరిచి అడిగింది ఒక్కటే: "నన్ను కేదారం తీస్కపో తమ్మీ."

గంగుబాయికి వదినె మీద జాలి. ఆ ఒక్క ముచ్చటైనా తీరాలని ఆమె మనసు. తన భర్త తీరుస్తాడన్న ఆశ మాత్రం పెట్టుకోలేదు. కాపురం చేస్తున్న మనిషి కదా.

లక్ష్మీరాజం ముందుగా, పోయొచ్చిన ఒక సాధువును పట్టుకుని సంగతులు అడిగాడు. రిషీకేశ్ దాటాక బస్సు కొంత దూరమే పోతుందట. ఆపైన రోజుల తరబడి కొండదారిలో నడకేనట. మంచు, ఎముకలు కొరికే చలి, ఊపిరికి చాలని పలచటి గాలి. వేరేవాళ్లయితే అక్కడికక్కడే దండం పెట్టి ఊరుకునేవాళ్లు. లక్ష్మీరాజం ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది. ఇన్నింటికి తయారు కావలసిన పని జన్మలో ఇంకొకటి దొరుకుతుందా?

మంచిర్యాలలో పాత మిలిటరీ బూట్లు కొన్నాడు. బూట్లు కాళ్లకు అలవాటు కావాలి. కాళ్లేమో పగలంతా మగ్గం గుంటలోనే ఉంటాయి. అందుకని బూట్లతోనే గుంటలోకి దిగాడు. కింద కాలితో తొక్కే చెక్క రెండో పూటకే ఫెళ్లుమని విరిగింది. ఆ పూట నేసిన చీరెను చూసి, నూలిచ్చి నేయించుకునే సేటు, ఇది చీరెనా చేపల వలనా అని అడిగాడు. పక్కింటి హనుమండ్లు అరుగు మీదినుంచి, "ఏం మామా, మగ్గం మీదనే కేదారం పోతున్నవా?" అన్నాడు. లక్ష్మీరాజం గంభీరంగా, తన కాళ్లు తయారవుతున్నాయనీ, దారి తరువాత సంగతనీ జవాబిచ్చాడు.

తరువాత మంచు. దాని మీద నిలబడి చూడకుండా మంచుకొండ ఎలా ఎక్కుతాం? మంచిర్యాల సోడా కొట్టు నుంచి ఐసుగడ్డను రంపపు పొట్టులో కప్పి, నడి వేసవిలో బండి మీద తెప్పించాడు. ఇల్లు చేరేసరికి అది సబ్బుబిళ్లంత మిగిలింది. లక్ష్మీరాజం దాని మీద బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకుని, హిమాలయాన్ని అనుభవించాడు. తడిసిన పొట్టు ఎత్తిపోసే పుణ్యం మాత్రం గంగుబాయికి దక్కింది.

ఇక నడక. రోజూ పొద్దున్నే అక్కను వెంటబెట్టుకుని ఊరి బయటి గుట్ట ఎక్కేవాడు. ఖాళీ కడుపుతో ఎక్కకూడదని ఒక నియమం, కాబట్టి ఆమె ముందు జొన్నరొట్టె తినాలి. చలికి నెయ్యి మంచిదని రెండో నియమం. మూడోది అన్నింటికంటే విచిత్రమైనది. పలచటి గాలిలో నోరు మూసుకుని ఎక్కితే ఊపిరి పట్టేస్తుందట, అందుకని ఎక్కుతున్నంతసేపూ మాట్లాడాలి. ఆ శాస్త్రం ఎక్కడిదో సాధువుకైనా తెలుసునో లేదో.

శంకరవ్వ మొదట్లో "ఊ" అనేది. 'ఊ' లెక్కకు రాదని తమ్ముడు తీర్పు చెప్పాడు. ఒకనాడు గుట్ట సగంలో, తమ తండ్రికి అక్క కంటే తనమీదనే ఎక్కువ ప్రేమ ఉండేదని ఒక మాట వదిలాడు. శంకరవ్వ ఆగి, వెనక్కి తిరిగింది.

"అబద్ధాలాడకు. నువ్వు పుట్టినంకనే బాపు కల్లు తాగుడు షురూ చేసిండు."

ఆనాటి అక్కాతమ్ముళ్ల కొట్లాట కింద వాడకంతా వినిపించింది. గంగుబాయి రొట్టెలు చేస్తూ, శివుడి దగ్గరికి పోయే దారి ఇంత గోలగా ఉంటుందా అనుకుంది.

ఇంత జరిగాక ఏటా వైశాఖం వచ్చేది. కేదారంలో గుడి తలుపులు తీసేవాళ్లు. ఇక్కడ మూటలు కట్టేవాళ్లు. స్టేషనుకు పోవడానికి సిద్దిరాములు బండి వాకిట్లోకి వచ్చేది. అప్పుడు లక్ష్మీరాజం మూటల చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం గోక్కుని అనేవాడు:

"అంత తయారే గని, ఒక్కటి తక్కువున్నది."

ఒక ఏడు గొంగడి పొట్టిది. ఒక ఏడు ఊతకర్ర వెదురు మంచి రోజున కొట్టింది కాదు. ఇంకో ఏడు ఉప్పు మూటలోకి తేమ వచ్చింది, కాబట్టి కేదారం రద్దు. చివరికి సిద్దిరాములు ఎడ్లు కూడా ఆ వాకిట్లో కాసేపు నిలబడి, ఎవరూ చెప్పకముందే వెనక్కి తిరిగేవి.

ఉప్పు తడిసిన ఏడు గంగుబాయి ఓపిక తెగిపోయింది. పెరట్లో బూట్లకు నూనె రాస్తున్న భర్త ముందు నిలబడింది.

"ఇగ చాలు. నువ్వు పోవు. గా మాట వదినెకు మొఖం మీదనే చెప్పు. ఏటేటా మూట కట్టిచ్చి, విప్పిస్తున్నవ్. నీకు పాపం తాకదా?"

లక్ష్మీరాజం నూనెగుడ్డ పక్కన పెట్టాడు.

"టికెట్ల ముచ్చట తీసినప్పుడల్లా అక్క ఏమంటదో ఎరుకేనా? 'నీకు రానుపోను తీసుకో తమ్మీ, నాకు పోయేదే చాలు' అంటది."

గంగుబాయికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అక్కడే బావిగట్టు మీద కూర్చుండిపోయింది. కేదారం పోయి తిరిగిరాని ముసలివాళ్ల సంగతి ఆమెకు తెలియనిది కాదు. అక్కడే పోదామనే పోతారు.

"వద్దంటే ఒక్కతే పోతది," అన్నాడు లక్ష్మీరాజం. "తీస్కపోతే ఆడ్నే ఇడిసిపెట్టి రావాలె. ఇగ నేనేం జెయ్యాలె? తయారైతున్న."

"నాకెందుకు చెప్పలే?"

"నీ మొఖంల ఏదన్న దాగుతదా?"

గంగుబాయి లేచి, నూనెగుడ్డ తీసి తనే అతని చేతికిచ్చింది. కాపురంలో అది మొదటిసారి. మర్నాడు పొద్దున ఆమె కొత్త గొంగడిని వెలుతురుకు ఎత్తిపట్టి వదినెను పిలిచింది.

"గిది జూడు వదినె, ఎంత పలచగున్నదో. గిది కప్పుకుంటే కేదారం దాకెందుకు, గోదావరి ఒడ్డుకే సలి పెడ్తది."

తయారీ అంటుజబ్బు అని వాడకు ఆరోజు రూఢి అయింది.

ఏళ్లు గడిచాయి. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. లక్ష్మీరాజం తయారీ మాత్రం ఏ ప్రభుత్వానికీ లొంగలేదు. గుట్ట ఎక్కడానికి శంకరవ్వ వెంట వాడలోని ఆడవాళ్లు కూడా బయలుదేరారు. ఆమె వాళ్ల మొగుళ్ల సంగతులన్నీ దారిలోనే తేల్చేసేది. గోడకు ఆనుకుని కూర్చునే తీరిక ఇప్పుడామెకు లేదు. ఎవరికి కాన్పు వచ్చినా కబురు ఆమెకే. గంగుబాయి పప్పులో ఉప్పు చాలలేదన్న ఫిర్యాదు కూడా ఆమెదే.

ఆ వైశాఖంలోనూ బండి వచ్చింది. లక్ష్మీరాజం మూటల చుట్టూ తిరిగి, గడ్డం గోక్కున్నాడు.

"అంత తయారే గని..."

"ఒక్కటి తక్కువున్నది," అంది శంకరవ్వ. "టికెట్టు. ఈసారి నాకు సుత రానుపోను తీసుకో. హనుమండ్లు పెండ్లాం బాలలక్ష్మికి ఆషాఢంల నెలలు నిండుతయి. నేను లేకుంటే గా పిల్లకు ఎవలున్నరు?"

లక్ష్మీరాజం చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. గంగుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం జూస్తవ్?" అంది శంకరవ్వ. "ఇన్నేండ్లు గుట్ట ఎక్కిచ్చినవ్. ఎక్కుడే నేర్చుకున్నననుకున్నవా? దిగుడు సుత అలవాటైంది."

లక్ష్మీరాజం గొంగడి కొలవలేదు. ఊతకర్ర వంచి చూడలేదు. ఆకాశం వైపు కన్నెత్తనైనా ఎత్తలేదు. ఏదీ తక్కువ లేదని చెప్పి, అక్కను ఎక్కించి, తనూ బండెక్కాడు. ఎడ్లే నమ్మలేదు. అలవాటు ప్రకారం అవి వెనక్కి తిరగబోతే, సిద్దిరాములు దిగి పగ్గాలు పట్టుకుని వాటిని స్టేషను దారికి మళ్లించవలసి వచ్చింది.

గంగుబాయి లోపలికి వచ్చింది. మగ్గం గుంట పక్కన మిలిటరీ బూట్లు నూనెతో నిగనిగలాడుతూ, బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఆమె గబగబా గుమ్మందాకా వచ్చింది. బండి ఇంకా మూల తిరగలేదు, కేకేస్తే వినబడేంత దూరంలోనే ఉంది.

కేకేస్తే దిగుతాడు. దిగితే ఇంకేదో కనబడుతుంది.

ఆమె నోరు మూసుకుని లోపలికి వెళ్లి, బూట్ల మీద ఒక గంప బోర్లించింది.